విప్పిన కెమెరా

కాజీపేట, 1984. ఆదివారం పొద్దున తొమ్మిది గంటలు. చాప మీద న్యూస్ పేపరు పరుచుకుని సుందర్ రావు, చర్చికి తయారై గడప దగ్గర నిలబడిన అతని భార్య రాహేలు.

"ఊదకు! ఊదకంటాన! ఊదితే ఎగురుతయి."

"ఊదలేదయ్యా, ఊపిరి ఇడిసిన. ఊపిరి కూడ ఇడువొద్దా?"

"ఇడువు. అటు మొఖం పెట్టి ఇడువు."

"ఇన్ని ముక్కలేంది? ఇవన్ని ఒక్క కెమెరల నుంచేనా?"

"ఒక్కదాంట్లయే."

"ఆరింటికి కూసున్నవు. గంటల అయిపోతదన్నవు. చర్చిల మొదటి గంట గూడ కొట్టిన్రు. లెవ్వు ఇగ."

"నువ్వు పో, రాహేలూ. నేను రాను."

"రాకపోతే పాస్టరుగారు అడుగడా? పోయిన ఆదివారమే గద, మనిద్దరి పేర్లు తీసి స్తోత్రం చేసిండు. జపాన్ కెమెరాలు సొంత చేతుల్తోని తయారు చేసే బిడ్డలు అని..."

"ఆ మాట ఎత్తకు."

"చాయ్ తాగకపోతివి. అందుకే చిరాకు పడ్తానవు."

"చాయ్ కాదు. చాయ్‌కి కాదు."

"ఇంతకు ఇది ఎవరి కెమెరా?"

"కిషన్ రావ్ సేటుది. చౌరస్తాల స్టూడియో. వాళ్ల బామ్మర్ది దుబాయ్ నుంచి తెచ్చిచ్చిండు."

"ఇడిచిపెట్టి పోయిండా ఆయన?"

"నేనే అడిగి తెచ్చిన. నిన్న స్టూడియో ముందర నలుగురు కూసున్నరు. షట్టర్ పడ్తలేదు, హైదరాబాద్ పంపాల్నేమో అంటాండు సేటు. నా నోరు ఊకోలే. మా కంపెనీల రోజుకు నలభై చేస్తం, హైదరాబాద్ ఎందుకన్నా, నాకియ్యి అన్న."

"మంచిగనే అన్నవు గద. ఇది నలభై ఒకటోది అనుకొని చెయ్యి."

"అక్కడ వేరే."

"ఏం వేరే?"

"అక్కడ ఏసీ ఉంటది. దుమ్ము రాదు. లైట్లుంటయి."

"లైట్ కావాల్నంటే తలుపు తీస్త."

"తియ్యకు! తలుపు ముట్టకు!"

"సుందర్ రావ్! ఓ సుందర్ రావ్ తమ్మీ! ఇంట్లనే ఉన్నవా?"

"...వచ్చిండు. సేటే. నువ్వు మాట్లాడకు."

"తమ్మీ, నేను కిషన్ రావును! పదకొండు బస్సుకు తొర్రూరు పోవాలె. పెండ్లి ఉన్నది. అయ్యిందా?"

"అయిపోయిందన్నా! మూత పెడ్తాన! జర అటు పోయి చాయ్ తాగి రారాదు!"

"షట్టర్ పడ్తాందా?"

"పడ్తది! మంచిగ పడ్తది!"

"శెబాష్! మా బామ్మర్దికి చెప్పిన, మన ఓరుగల్లుల జపానోళ్లను మించినోడు ఉన్నడని. పావుగంటల వస్త!"

"ఏం మూత పెడ్తవయ్యా? ఏ ముక్క ఏడికి పోతదో గూడ నీకు ఎర్కలేనట్టున్నది. పెండ్లి ఫోటోలకు పోయెటోనితోని అబద్ధం ఆడ్తివి."

"ఆడిన. ఏడాదిన్నర సంది ఆడ్తాన. ఇంకొకటి ఆడిన."

"ఏడాదిన్నర ఏంది?"

"నాకు రాదు, రాహేలూ."

"ఏం రాదు?"

"కెమెరా బిగించుడు. నాకు రాదు."

"పరాచికాలా? మరి కంపెనీల పొద్దంత ఏం చేస్తవు?"

"నాలుగు స్క్రూలు."

"ఏం నాలుగు స్క్రూలు?"

"ట్రే వస్తది. కెమెరా ఒక దిక్కు, దాని అడుగు మూత ఒక దిక్కు. మూత పెడ్త, నాలుగు స్క్రూలు తిప్పుత. ఇండియాల తయారు అని బిళ్ల అంటిస్త. బట్టతోని తుడిచి డబ్బల పెడ్త. గంతే. మళ్ల ట్రే."

"...అడుగు మూతవా? అడుగు మూతవేనా ఆ నాలుగు?"

"ఆ, అడుగువే. ఎందుకు?"

"ఏం లేదు. ఊకెనే అడిగిన."

"తెల్లకోటు, టోపి, చేతులకు తొడుగులు. తలకు నూనె పెట్టొద్దు, పౌడర్ రాసుకోవద్దు. కంటికి భూతద్దం. ఆపరేషన్ చేసే డాక్టర్ లెక్క తయారు చేసి కూసోబెడ్తరు. అద్దానికి అవతల ఆఫీసర్లు వచ్చి నిలబడి చూస్తరు. వాళ్లు వస్తాన్నరంటే మేనేజర్ గంట కొడ్తడు. మెల్లగ తిప్పున్రి, మెల్లగ తిప్పున్రి అంటడు. నాలుగు స్క్రూలకు పావుగంట. ఒకసారి ఎవరో ఆఫీసర్ బిడ్డె అద్దం అవతల్నుంచి నన్ను చూసి చప్పట్లు కొట్టింది. ఆ రోజు నాకు అన్నం పోలే."

"నాకేమో ఆకలి లేదని చెప్తివి."

"ఏమని చెప్పాలె? నీ మొగడు వేషగాడని చెప్పాలెనా? థూ. నా చేతులు చూస్తేనే నాకు రోత పుడ్తాంది."

"రోత ఎందుకు? పని ఇచ్చిన్రు, చేస్తానవు."

"పనా అది? మా నాయిన సైకిళ్లు బాగుచేసెటోడు. సైకిల్ దుకాణమే గని, పంచరు ఏసిండంటే ఏసినట్టే. ఆయన చేతులకు మురికి అంటేది. నా చేతులకు మురికే అంటదు. తెల్లగ, వాసన లేకుంట ఉంటయి. నాకు దాని మీదనే కంపరం."

"సరే తియ్యి. జరిగింది జరిగింది. కిషన్ రావ్ సేటు రాంగనే ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాకు రాదన్నా, తప్పయింది, ఇంకో కెమెరా ఎవరి దగ్గరన్న తీసుకొని పో అను."

"చెప్తే స్టూడియో ముందర కూసునే నలుగురికీ చెప్తడు. నేను ఆ చౌరస్తాల ఎట్ల నడవాలె?"

"నడుస్తవు. రెండు రోజులు నవ్వుతరు, ఇడిచిపెడ్తరు."

"వద్దు. ఒక తొవ్వ ఉన్నది. నువ్వు కూసో."

"నేనెందుకు?"

"నువ్వు కూసో, రాహేలూ. ఇగో, ఇక్కడ. నువ్వు చెయ్యి."

"నేనా?"

"నువ్వే. నాకు ఎర్కలేదనుకున్నవా? మా హాల్‌కి ట్రేలు వచ్చేది మీ వెనుక షెడ్డు కిటికీలకెల్లి. లోపటి పని చేసేది మీరే. పండ్లచక్రాలు, స్ప్రింగులు, అద్దాలు, అన్నీ మీ ఆడోళ్లే గద బిగించేది. మీ చేతులు సన్నగుంటయని మిమ్ముల తీసుకున్నరు."

"అట్లని ఎవరు చెప్పిన్రు నీకు?"

"చెప్పేదేంది? నువ్వు పనిల చేరిన ఈ ఎనిమిది నెలల సంది చూస్తాన. మీ షెడ్డుకు కట్టిన పచ్చ పరద అవతలికి మమ్ముల రానియ్యరు. నువ్వు ఇంటికచ్చి ఒక్క మాట చెప్పవు. నిజం చెప్తాన, నీ మీద నాకు కుళ్లు. ఒక్క ఇంట్ల ఉంట, అసలు పని నువ్వు చేస్తానవు, నేను మూతలు పెడ్తాన."

"...నేను చర్చికి పోతాన. రెండో గంట కొడ్తరు."

"ఆగు! గిట్ల ఇడిచి పోతవా?"

"నన్ను అడగకయ్యా. మేనేజర్ బైబిల్ మీద చెయ్యి పెట్టిచ్చి ప్రమాణం చేపిచ్చుకున్నడు. షెడ్డుల పని మొగనికి గూడ చెప్పొద్దని."

"ఛీ! వాక్యం మీద చెయ్యి పెట్టిచ్చిండా? వాడు ఎన్నడన్న చర్చి గడప తొక్కినోడా? సరే, నోటితోని చెప్పకు. చేతుల్తోని చెయ్యి. చేతులకు ప్రమాణం లేదు గద."

"నన్ను అడగకు. నీ కాళ్లు మొక్కుత, అడగకు."

"ఇంత గర్వమా నీకు? నా ఇజ్జత్ పోతాంటే చూస్త నిలబడ్తవా?"

"గర్వం కాదయ్యా..."

"తమ్మీ! చాయ్ గూడ అయిపోయింది. తలుపు దగ్గరికే ఉన్నట్టుంది, లోపటికి వస్తాన... ఓర్ని! ఇదేంది? ఇది నా కెమెరానా?"

"నీదే అన్నా. పరేషాన్ గాకు."

"మూత పెడ్తానంటివి! మూతేది, కెమెరా ఏది? మా బామ్మర్ది నన్ను సంపుతడు! అటు పెండ్లోళ్లు ఎదురుచూస్తాంటరు!"

"అన్నా, ఒక్క మాట ఇను. నీకు అబద్ధం చెప్పిన. నాకు రాదు. నేను కంపెనీల పైపై పనోణ్ణి. అసలు మెకానిక్ ఈమె, నా భార్య. లోపటి పనంత ఈమె చేతిల నుంచే పోతది. దినాం నలభై. గంటల నీ కెమెరా నిలబెడ్తది."

"అట్లనా? నిజమా? మరి ముందుగాలనే ఆమెకు ఇయ్యకపోతివి! అమ్మా, రాహేలమ్మా, కూసో తల్లీ. చర్చికి నేను పోయి చెప్త, ఆలస్యమైతదని. నువ్వే నాకు దిక్కు."

"కూసో రాహేలూ. సేటు అడుగుతాండు."

"ఏందమ్మా, ఏడుస్తానవు?"

"ప్రమాణం ప్రమాణమే, దేవుడు నన్ను క్షమించాలె. మా షెడ్డుకు జపాన్ డబ్బలల్ల నిండు కెమెరాలే వస్తయి సేటూ, ఒక్క ముక్క తక్కువ లేకుంట. ఈయన బిగించే ఆ నాలుగు స్క్రూలు రోజూ ఊడదీసి, మూత ఒక దిక్కు పెట్టి కిటికీలకెల్లి ఇచ్చేది నేను."