గంజి పోని పంచె

ఎమ్మిగనూరులో సాయంత్రం మగ్గం దిగి నలుగురు నేతగాళ్లు అరుగు మీద చేరితే చాలు, రామలింగప్ప నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

"మా అల్లుడు ఉమామహేశ్వర సౌతాఫ్రికాలో సిమెంటు ఫ్యాక్టరీలో ఉండాడు గదప్పా, పోయిన నెల మమ్మల్ని పిలిపించుకుని, డర్బన్‌లో సముద్రం కాడ వారం రోజులు పెట్టుకున్యాడు. తుంగభద్ర కాలువ తప్ప నీళ్లెరగనోణ్ణి, అయినా భయపడితినా? ఇదో, నా చేత్తో నేసుకున్న ఈ కొత్త పంచె కట్టి, మా ఆడమనిషి ఉరుకుందమ్మతో కొంగుముడి వేసుకుని, మోకాలిలోతు దిగితి."

"మోకాలేనా?" అన్నాడు దాసన్న.

"ఇనప్పా! ఒక అలొచ్చి ఇద్దర్నీ నడిసముద్రంలోకి ఎత్తుకపాయ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన తేరంత తిమింగలం ఎదురొచ్చె. పక్కకు జరుగంటే జరగదే! దాని మూతికి తువ్వాలు కట్టి, ఈమెను పైన కూర్చోబెట్టి, మూడూర్లు తోలితి. చివరికి పోలీసోళ్లొచ్చి, 'సామీ, నువ్వు దిగినకాణ్ణించి నీళ్లన్నీ ఊర్లోకొస్తాండాయి, గట్టెక్కు' అని దండం పెట్టిరి!"

అందరూ పడీపడీ నవ్వినారు. గడపలో నూలు చుడుతున్న ఉరుకుందమ్మ రాట్నం మాత్రం ఆగిపోయింది. అది చూసినా రామలింగప్ప నోరు ఆగితే గదా.

ముసలి సుంకప్ప వంగి పంచె అంచు పట్టి వేళ్లతో నలిపినాడు.

"మునిగింది ఈ పంచెతోనేనా?"

"ఇదేనప్పా! నాలుగు గంటలు ఉప్పునీళ్లలో నానింది."

"మగ్గం గంజి ఇంకా పోలేదే. గరగరమంటాండాది. ఒక్క మునకేసినా మెత్తబడేదప్పా."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండు అనుకున్నాడు రామలింగప్ప. దంపతులిద్దరూ ముడేసుకుని సముద్రంలో మునగాలని ముప్పై ఏండ్లు ఆశపడిన ఉరుకుందమ్మ, ఆ పొద్దు నీళ్లలో నిలబడి చేయి చాపి పిలుస్తాంటే, జ్వరమని అబద్ధమాడి, ముడి విప్పేసుకుని, చెప్పులు కూడా విడవకుండా ఒడ్డున కూర్చున్నాడు తాను. ఆమె ఒక్కతే మునిగొచ్చింది. ఊరికొచ్చినాక ఆ మాట ఎవరితోనూ అనలేదు. సిగ్గుతో ఆయనకు తల పైకి లేవలేదు.

ఉరుకుందమ్మ లేచొచ్చి, ఆయన పక్కన నిలబడింది.

"తిమింగలం దాకా ఎందుకు పోతివి?" అంది మెల్లగా. "నా చెయ్యి పట్టుకుంటినని చెప్పింటే చాలు, నేనూ అవుననేదాన్ని."