తాళం తీసిన గదికి పిల్లలు కావాలి

కాలనీలో మూతపడ్డ గదిలో పిల్లలకు పుస్తకాలు పెట్టాలని కొత్త కోడలు అడిగింది. కాలనీ సంఘం కార్యదర్శి సరేనని ఇప్పుడే ఫోన్ చేశాడు. ఆమె వంటింట్లో ఉన్న భర్త దగ్గరికి పరుగెత్తింది.

“గది ఇచ్చారండీ.”

“మరి ఆ ముఖమేమిటి?”

“ఎల్లుండి పిల్లలెవరూ రాకపోతే మళ్లీ తాళమేనట. పోయిన వారం కాలనీ వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు.”

“పొద్దున్నే ఆ శుభోదయం పువ్వులు భరించలేక అందరూ మ్యూట్‌లో పెట్టేశారు. నేనూ అంతే.”

“మీరూనా? పెళ్లాం రాసింది కూడా చూడలేదా?”

“తప్పే, తల్లీ.”

“నాకిక్కడ ఒక్క గడపా తెలియదు. ఎవరొస్తారు?”

“రేపు సెలవు పెడతాను. ఎదురింటి కవలలతో మొదలుపెట్టి ప్రతి తలుపూ తడదాం.”

“నాకు నోరు పెగలకపోతే?”

“గంట నేను నొక్కుతాను. తలుపు తీశాక పారిపోకుండా నీ చెయ్యి పట్టుకుంటాను. మాటలు మాత్రం రేపు నువ్వే చెప్పాలి.”