దొర పన్ను గురించి నేను దాచిన సంగతి

ఈ కాగితం రాయకుండానే ఇంటికి పోదామనుకున్నాను. నిన్న నా భార్య చెప్పింది ఎలాగూ రాసుకున్నారు. మొగుడూ అదే అన్నాడని ఒక్క వాక్యం చేర్చితే సరిపోయేది. స్టేషను గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. నేను చెబుతుంటే వాంగ్మూలం రాసే రైటర్ గారు, మాట ఎటో పోతోందని రెండు పేజీలు చించేశారు. చివరికి ఎస్ఐ లాస్య మేడం, "తాతా, మీరే రాయుండ్రి. జరిగింది మాత్రమే," అని కాగితాలు నా ముందు పెట్టారు.

నా పేరు హరికిషన్, తండ్రి పేరు సదాశివ. వయసు డెబ్బై ఒకటి. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. బడి ఏడో తరగతితో సరి. నివాసం నేరేడ్‌మెట్. నేనూ నా భార్య దేవమ్మా పంతొమ్మిదేళ్లుగా గ్రేట్ డేన్ కుక్కలను పెంచి, పిల్లలు తీయించి, డాగ్ షోలకు తీసుకువెళుతున్నాం. ఇప్పుడున్న మగకుక్క పేరు దొర. బరువు అరవై ఎనిమిది కిలోలు. పుట్టుక కాగితాల్లో దొరకు ఐదు తరాల పెద్దల పేర్లున్నాయి. నాకు మా తాత పేరు దాటి తెలియదు. ఇది అక్కర్లేదని మేడం అన్నారు గానీ రాసేశాను, కొట్టేస్తే కాగితం పాడవుతుంది.

షోలో జడ్జి కొత్త మనిషి. వచ్చి కుక్క పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు, వీపు తడుముతాడు. కుక్క కదలకూడదు. గుర్రుమంటే రింగు బయటికి పంపేస్తారు. అందుకని షో దగ్గరపడితే మా ఇంటికి వచ్చిన ప్రతివారూ జడ్జే. పాలాయన కానీ, కరెంటు మీటరు చూసే ఆయన కానీ, దొర నోరు తెరిచి చూశాకే చాయ్. పిల్లగా ఉన్నప్పుడు దొర గుర్రుమంటే తిండిగిన్నె తీసేసేవాళ్లం. నాలుగు నెలలకల్లా మానేసింది. గుర్రుమనడం మేమే మాన్పించాం.

డిసెంబరు 2, మంగళవారం, ఉదయం 7.10కి దొర ఇనుప బకెట్ పిడిని కొరికింది. ఎడమవైపు పై కోర నిలువునా చీలింది. సాయంత్రానికి చిగురు వాచింది. షో 7వ తేదీ ఆదివారం. ఇంకొక్క సర్టిఫికేట్ వస్తే దొర ఛాంపియన్. నా మోకాళ్లు పోయాయి కాబట్టి రింగులో కుక్కతో పరుగెత్తేది దేవమ్మే. అరవై నాలుగేళ్ల మనిషి, ఈ ఒక్క సర్టిఫికేట్ కోసం ఏడాదిగా రోజూ తెల్లారి గ్రౌండులో పరుగెత్తింది. పన్ను సంగతి చెబితే డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది, ఆయన పీకేస్తాడు, షో పోతుంది. చెప్పలేదు. దూదితో లవంగ నూనె అద్దాను.

దేవమ్మకు వాసన తగిలింది.

"ఎవరికి పన్ను నొప్పి?"

"నాకే."

"మరి చెప్పవేందయ్యా? నోట్ల బెల్లం పెట్టుకున్నవా?"

మూడు రోజులు నాకు జావే పోసింది. తాగాను.

5వ తేదీ శుక్రవారం సాయంత్రం 5.40కి రఫీ వచ్చాడు. వయసు ముప్ఫై ఎనిమిది, కార్ఖానా ఏరియాలో దర్జీ. దేవమ్మ రింగులో వేసుకునే కోటు కుట్టి తెచ్చాడు. దొర తలెత్తి నిలబడేలా ఆశ చూపించే కార్జం ముక్కలు పెట్టుకోవడానికి జేబులోపల రెక్సిన్ వేయమని ఆమె చెప్పి ఉంది. "అమ్మా, కోటుకు కార్జం జేబు కుట్టిన దర్జీ హైదరాబాద్ మొత్తంల నేనొక్కన్నే ఉంట," అని నవ్వాడు. దేవమ్మ కోటు తొడిగి చూసుకోవడానికి లోపలికి పోతూ, "రఫీ భాయ్, జెర దొర పండ్లు చూడుండ్రి. చాయ్ పెడ్త," అంది.

నేను మూడు గజాల దూరంలో కుర్చీలో ఉన్నాను. వద్దు అనొచ్చు. అంటే ఎందుకని దేవమ్మ అడుగుతుంది. రఫీ కుడివైపు చూసి వదిలేస్తాడనుకున్నాను. వదిలేయలేదు. మేం నేర్పినట్టే రెండు వైపులా చూశాడు. ఎడమ పెదవి ఎత్తి చిగురు మీద వేళ్లు పెట్టాడు. దొర గుర్రుమనలేదు. కరిచింది. అప్పుడు టైము 5.50. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు. రఫీ అరవలేదు. కోటు తెచ్చిన కవరు మీద రక్తం పడకుండా చెయ్యి పక్కకు పట్టుకున్నాడు.

నేను లేచిన కుర్చీ చప్పుడుకు దేవమ్మ కొత్త కోటుతోనే బయటికి ఉరికింది.

"ఏం చేసినవ్? మా దొర ఊకె కరవడు! చెవు గుంజినవా?"

"ఖుదా కసమ్ అమ్మా, ఏం చెయ్యలే. సాబ్ చూసిన్రు గద. సాబ్, జెర చెప్పుండ్రి."

నేను టవల్ తెస్తానన్నాను. టవల్ తెచ్చాను.

ఆసుపత్రిలో తొమ్మిది కుట్లు వేశారు. రాత్రి రఫీ ఫిర్యాదు ఇచ్చాడు. అతడు చెవి లాగాడని దేవమ్మ వాంగ్మూలం ఇచ్చింది. ఆమె అబద్ధమాడలేదు, అలాగే నమ్మింది. పంతొమ్మిదేళ్లలో మా కుక్క ఎవరినీ కరవలేదు.

ఈరోజు, శనివారం, ఉదయం 11 గంటలకు మేడం అందరినీ పిలిపించారు. రఫీ కట్టు చూపించి అన్నాడు: "వేళ్లు వంగకపోతె కత్తెర ఎట్ల పడత మేడం? పైంగ నేనే సతాయించిన్నంటున్నరు. కుట్లకంటె గదే ఎక్కువ నొస్తున్నది."

"తాతా, మీరు చూసిన్రా?"

"చూసిన."

"ఏం చూసిన్రు?"

దేవమ్మ నా వైపు చూసింది. మంచినీళ్లు తాగి వస్తానని లేచి గేటు దాకా వెళ్లాను.

రఫీ చెవి లాగలేదు. దొరను సతాయించలేదు. మేం చెయ్యమన్నదే చేశాడు. పన్ను చీలిన సంగతి దేవమ్మకు తెలియదు. రఫీకి తెలియదు. నాకు తెలుసు. మంగళవారం నుంచి తెలుసు.

ఇది నా కళ్లతో చూసి నా చేత్తో రాసింది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ చెప్పి రాయించలేదు. ఇంకా దాచింది ఏమీ లేదు.

సంతకం పెట్టబోతుంటే మేడం ఈ కాగితాలు దేవమ్మకిచ్చారు. రెండుసార్లు చదివింది. నిన్నటి తన కాగితం వెనక్కి ఇమ్మంది. కుదరదన్నారు. "అయితే ఇంకో తెల్లకాగితం ఇయ్యుండ్రి," అంది. నా చేతిలో పెన్ను తీసుకుని, బెంచీ మీద రఫీ పక్కన కూర్చుంది. ఈ చివరి వాక్యాలు, సంతకం కానిస్టేబుల్ పెన్నుతో రాశాను.

(సంతకం) హరికిషన్
6-12-2025, మధ్యాహ్నం 1.25