గుంజ జరిపిన కాయితం

నాంపల్లి స్టేషన్ వెనక లేడీస్ హాస్టల్‌లో ఒక గది. గ్రూప్స్ పరీక్ష రాసొచ్చిన మర్నాటి పొద్దున.

"గోడ మీది కాయితం ఏది?"

"ఏ కాయితం, వనితక్కా?"

"ఏ కాయితమంట! ఈ గోడకు ఎన్ని అతికిచ్చిన? పదకొండు. ఇప్పుడు పదే ఉన్నయి. నదులది లేదు."

"ఫ్యాన్ గాలికి పడ్డదేమో."

"నాలుగు మూలలకు టేపు ఏసిన కాయితం గాలికి పడ్తదా? మిగిలిన పదింటికి తాకని గాలి దానికొక్కదానికే తాకిందా? జమునా, జర నా మొకం జూసి చెప్పు."

"చూస్తనే ఉన్న గదా. చాయ్ తాగు, సల్లారుతది. పరీక్ష అయిపాయె. ఇంక ఆ కాయితంతోని పనేంది?"

"నాకు పని లేదు. మరి నీకేం పని పడ్డది దానితోని?"

"నేను తీసిననని ఎవరన్నరు?"

"ఎవరనాలె? గదిల ఉన్నది మనమిద్దరం. మూడోది బల్లి."

"అయితే బల్లినే అడుగు."

"సరే, ఇదేందో జూడు. నిన్న పరీక్ష సెంటర్ కెల్లి వచ్చుకుంట అబిడ్స్‌ల కొన్న. పోస్టాఫీసు ఎన్క సందుల, జిరాక్స్ దుకాన్ల."

"మన నోట్స్..."

"మన కాదు. నా నోట్స్! ఒక్కొక్క లావు పుస్తకం నాలుగు సార్లు చదివి, పాఠమంత ఒక్క బొమ్మల కూసోవెట్టిన. కృష్ణానది అంటే పండుకున్న బర్రె. మూసీ దాని దుడ్డె. పలుపు ఏ ఊరి గుంజకు కట్టి ఉంటే, మూసీ గాడ కృష్ణల కలిసినట్టు. ఇసొంటిది ఏ కోచింగ్ సారు గీస్తడు? బర్రెల కాడ పెరిగినోల్లకే వస్తది."

"నిజమే అక్కా."

"నిన్న మూసీ ప్రశ్న కనవడంగనే బర్రె కండ్ల ముందల లేసి నిలవడ్డది. ప్రశ్న పూరాగ చదవకుంటనే దిద్దిన."

"ఔ... చెప్పినవ్ నిన్న. చాయ్ తాగు."

"చాయ్ చాయ్ అని నా నోరు మూయకు. పోయినసారి ఒక్క మార్కుతోని ఆగిపోయినదాన్ని. బడిల పంతులమ్మ కొలువు ఇడిసిపెట్టి ఈడికొచ్చినదాన్ని. నా నోట్స్ పట్నమంత తిరుగుతుంటే ఇంక నాకు మిగిలేదేంది?"

"నేను ఇయ్యలే. అమ్మతోడు."

"అమ్మను తర్వాత పిలువు. శుక్రారం నువ్వు అబిడ్స్ పోయినవా, లేదా?"

"పోయిన."

"ఎందుకు?"

"నల్ల పెన్ను కొననీకి."

"నాంపల్లిల నల్ల పెన్ను దొరకదా?"

"నువ్వు గ్రూప్స్ ఎందుకు రాస్తున్నవ్ అక్కా? సీదా పోలీసుల్ల చేరకపోయినవా!"

"మాట మార్వకు. నాకు బోనాలప్పటి సందే అనుమానం ఉండె. అందుకే నీకిచ్చే కాపీల గుంజ జరిపి పెట్టిన."

"ఏంది?"

"ఔ. కావాల్నని తప్పు వెట్టిన. మా నాయన మా కోడిపిల్లలకు రంగు పూస్తుండె, ఎవలింట్ల కలిసినా దొరకవట్టనీకి. గట్ల."

"అక్కా... నేను గూడ పరీక్ష రాసేదాన్నే గదా?"

"పరీక్షకు ముందల చెప్దామనే అనుకున్న. మర్సిన."

"మర్సినవా!"

"ముందు నేను చెప్పేది విను. ఈ దుకాన్ కాపీల గుంజ సరైన కాడనే ఉన్నది. అంటే ఇది నీ కాపీ కెల్లి తీసింది గాదు. మూలలకు టేపు మరకలు గూడ దిగినయి జూడు. నీదాన్ల తప్పున్నదని కనుక్కోని, గోడ మీది నా అసలు కాయితాన్నే పట్కపోయినవ్."

"గోడ మీది కాయితాన్ని దుకాన్లకు ఎవలు పట్కపోయిన్రు? జర యాది చేస్కో."

"నేనెందుకు పట్కపోత?"

"నాకు కాపీ తీయిచ్చిననాడు. నువ్వే గోడ కెల్లి పీకినవ్, నువ్వే పోయినవ్. 'గిరాకి ఉన్నదమ్మా, సాయంత్రం వచ్చి తీస్కపో' అని ఆ దుకాన్ రత్నాకర్ అన్నడని నువ్వే చెప్పినవ్. పొద్దంత ఆడనే ఉండె."

"...ఉండె."

"కాయితాలు జిరాక్స్ తీసుడు ఎంత సేపు, అక్కా?"

"వాడా!"

"వాడే. శుక్రారం నేను పోయింది వాని తోని కొట్లాడనీకే. ఎవలో పిల్ల చేతుల నీ నోట్స్ జూసి గుర్తువట్టిన. పరీక్ష ముందల నీ మనసు కరాబు అయితదని నీకు చెప్పలే."

"సరే. కాపీ వాడే తీసిండు. మరి నిన్నటి దాక గోడ మీదున్న కాయితం? అది గూడ రత్నాకరే వచ్చి పట్కపోయిండా?"

"చాయ్ సల్లారింది, తాగు అక్కా."

"దిండు మీద కెల్లి చెయ్యి ఎందుకు తీస్తలేవు?"

"వద్దక్కా."

"తియ్యి."

"నేనే తీసిన. నిన్న నువ్వు స్నానానికి పోయినప్పుడు. చింపేద్దామనుకున్న, చేతులు రాలే."

"నా బర్రెను చింపుతవా నువ్వు? నీకేం చేసిందది?"

"ఒక్కటి అడుగుత, చెప్పు. నా కాపీల గుంజను ఏడికి జరిపినవ్?"

"వాడపల్లికి. అసలుది మట్టపల్లి. నీ కాపీ ఇటియ్యి, చూపెడ్త. ఇగో, వాడపల్లి! నేను వెట్టిన తప్పు ఇదే."

"అది నువ్వు వెట్టింది గాదు. ఆకుపచ్చ పెన్నుతోని నేను దిద్దుకున్నది. పక్కన కొట్టేసిన గుంజ కింద ఊరి పేరు చదువు."

"...మట్టపల్లి."

"నువ్విచ్చింది అది. మా మేనత్తోల్లది వాడపల్లి పక్క ఊరే. పుష్కరాలకు గాడ మునిగిన, మూసీ వచ్చి కలిసేది ఈ కండ్లతోని జూసిన. అప్పుడే నీకు చెప్పిన, తప్పున్నదక్కా అని. 'నా నోట్స్‌ల తప్పుండది, ఉన్నదున్నట్టు నేర్సుకో' అన్నవ్."

"అది... నీ మీద అనుమానంతోని అన్న. నాదాన్లనే వైట్‌నర్ పూసి, గుంజ జరిపి జిరాక్స్ తీయిచ్చిన. అయినంక మల్ల సక్కగ చేస్కున్న. నాలుగు నెలల సంది పొద్దున లేస్తే నేను జూసింది అదే గదా."

"ఇగో, నీ కాయితం. గుంజ ఏడున్నది?"

"మట్టపల్లిల. సక్కగనే ఉన్నది."

"జర ఎడమ దిక్కు వైట్‌నర్ మరక ఉన్నది. గోరుతోని గోకు."

"ఎందుకు?"

"గోకక్కా. పుస్తకం తీసి చూపెడ్తే నువ్వు పుస్తకాన్ని గూడ అనుమానిస్తవ్."

"...జమునా."

"ఔ అక్కా."

"కింద ఇంకో గుంజ ఉన్నది. వాడపల్లి కాడ. నా చేతి గీతే. నిన్న నేను దిద్దింది మట్టపల్లికి."