మా తాత పోలిక

చర్మవ్యాధుల ఆసుపత్రిలో లేజరు గది బయట బెంచీ. మొహం నిండా తిమ్మిరి క్రీముతో కూతురు, పక్కన తండ్రి.

"ముట్టుకోకమ్మా, క్రీము పోతుంది."

"మొహం ఉందో లేదో చూసుకుంటున్నా. మొద్దుబారిపోయింది."

"బారనీ. లోపల కాలుస్తుంటే తెలియకూడదుగా."

"ఈ బుడిపెలు మళ్ళీ వస్తాయట నాన్నా. పుట్టుకతో వచ్చిన జబ్బాయె, పైపైన కాలిస్తే పోదన్నారు డాక్టరమ్మ. ఆయింట్‌మెంటు రాసుకుంటూనే ఉండాలట."

"రాసుకుందువులే. ముందు ఇవాళ్టిది కానీ."

"ఎందుకలా తిరుగుతావు? కూర్చో."

"కాళ్ళు పట్టేశాయే."

"బళ్ళో నన్ను గరుకు కాగితం అన్నప్పుడల్లా నిన్నే తిట్టుకునేదాన్ని. నీ వైపు నుంచేగా వచ్చింది."

"తిట్టుకో. నాకేం అరిగిపోదు."

"ఇప్పుడు తిట్టట్లేదు, బతిమాలుతున్నా. నువ్వూ స్కానింగ్ చేయించుకో."

"నాకెందుకు? గుండ్రాయిలా ఉన్నా."

"మొహం నున్నగా ఉన్నా జబ్బుండొచ్చట. కిడ్నీల్లో గడ్డలు పెరుగుతాయట. నావి చిన్నవే, పర్లేదన్నారు. నీ వయసుకి పెద్దవవుతాయట."

"అయితే?"

"పగిలితే లోపలే రక్తం పోతుంది. ప్రాణం మీదికి వస్తుంది."

"ముందే... ముందే తెలియదా?"

"నడుం పక్కన నొప్పి రావచ్చట. కాలిగోళ్ళ పక్కన కండ మొలకలున్నా అనుమానించాలట. ఏదీ, చెప్పులు తియ్యి."

"గోళ్ళ పక్కనా?"

"ఆఁ. ఎందుకా చెమటలు? ఉన్నాయా నీకు?"

"నాకు లేవు."

"దాచకు నాన్నా."

"నీకు నాలుగేళ్ళప్పుడు ఈ బుడిపెలు మొదలయ్యాయి. మీ నాయనమ్మ మీ అమ్మని కాల్చుకు తినేది, మీ వంశంలోదే ఈ దరిద్రం అని. రోజూ ఏడుపే. చూడలేక, మా తాత మొహమూ ఇంతే అనేశా."

"అనేశావా? అంటే ఆయనకి లేదా?"

"ఆవిడ నోరు మూతపడింది. నువ్వు నమ్మావు, మీ అమ్మా నమ్మింది. డాక్టర్లు అడిగిన ప్రతిసారీ అదే చెప్పా. ఇంట్లో గొడవ తగ్గింది కదా అనుకున్నానే గానీ..."

"నాన్నా, లేజరుకి పిలుస్తున్నారు నన్ను. తొందరగా చెప్పు."

"ఫోన్ ఇలా ఇవ్వు. గోళ్ళ పక్కన ఆ మొలకలు మీ అమ్మకున్నాయే. మొన్నట్నుంచీ నడుం పట్టుకుని మంచం దిగట్లేదు."