అందరికీ నూటికి నూరు

"ఆ కాలేజీ గేటు వైపు అలా గుడ్లప్పగించి చూడకండి బాబాయ్, ఫలితాలు వచ్చినప్పుడు అవే వస్తాయి. సగం మంది పాసైతే మామయ్య ఉద్యోగం ఉంటుంది, లేకపోతే స్టాటిస్టిక్స్ కోర్సు మూసేసి ఆయన్ని ఇంటికి పంపేస్తారు, అంతేగా ప్రిన్సిపాల్ అన్నది? సగం దేనికండీ! వాళ్లు చదివింది నేను చేసిన పుస్తకం. ముందా టీ ఇలా ఇవ్వండి."

టీకొట్టు బాబాయ్ గ్లాసు అందించాడు. బల్ల మీదున్న టైలర్ జరిగి చోటిచ్చాడు.

"మామయ్య నోట్సు మీరు చూడలేదు. ఇరవై ఏళ్ల నాటిది, ఆయన రాత ఆయనకే అర్థంకాక క్లాసులో తడుముకునేవాడు. ఎవరూ అడగకుండానే వేసవి సెలవుల్లో కూర్చుని దాన్ని ఆన్‌లైన్ పుస్తకం చేసేశాను. మామూలు పుస్తకం కాదు, ముట్టుకుంటే కదిలే పుస్తకం. తెర మీద గ్రాఫ్, దాని కింద చిన్న గుండీ. వేలితో ఇటు జరిపితే గ్రాఫ్ గంటలా లేస్తుంది, అటు జరిపితే చాపలా పరుచుకుంటుంది."

"సెలవులన్నీ పట్టిందా?" అన్నాడు టైలర్.

"సెలవులన్నీనా? నాలుగు రోజులు! మిగతావన్నీ నిద్రపోయాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాన పడే అవకాశం గురించి ఓ అధ్యాయం ఉంది, అక్కడ గుండీని డెబ్బై శాతం మీద వదిలేశాను. బయట నిజంగానే వాన మొదలైంది. మరదలు డాబా మీద ఆరేసిన బట్టల కోసం ఒకటే కేకలు. చిరాకేసి గుండీని సున్నాకి లాగేశాను. ఆగిపోయింది! ఆగడమంటే మామూలుగా కాదు బాబాయ్, అప్పటికే బయల్దేరిన చినుకులు కిందికి రావాలో పైకి పోవాలో తెలీక మనిషెత్తున వేలాడుతూ ఉండిపోయాయి. వాటి మధ్యలోంచి వంగి నడిచి బట్టలు తెచ్చుకుంది."

"తడవలేదా?"

"తడవలేదు గానీ ఓ చినుకు నుదుటికి కొట్టుకుని బొప్పి కట్టింది. అదేముంది, సగటు అధ్యాయంలో మన వీధివాళ్ల ఎత్తులు పెట్టాను. చెయ్యి జారి గుండీ కుడివైపు కదిలిందా, తెల్లారేసరికి వీధి వీధంతా జానెడు పెరిగింది. ఎవరి ప్యాంటూ పిక్కలు దాటలేదు."

"మరి నాకొక్క బేరమూ రాలేదేం?"

"మీరు కొట్టు తెరిచేలోపే వెనక్కి జరిపేశానుగా!"

బాబాయ్ నవ్వాడు. చూపు మాత్రం గేటు మీదే ఉంది.

"నవ్వకండి, ఇది నవ్వే సంగతి కాదు. ఆయుష్షు లెక్కకీ ఓ గుండీ ఉంది. దాన్ని చివరికంటా నెట్టాను. ఊళ్లో వారం పాటు ఒక్క చావు లేదు. శవపేటికలు చేసే వడ్రంగి ఏడుస్తూ వచ్చాడు, పిల్లలు పస్తులుంటున్నారు బాబూ, కాస్త వెనక్కి జరుపు అని. జాలేసి జరిపాను. మర్నాడు ఆ వడ్రంగే పోయాడు."

ఎవరూ నవ్వలేదు. "ఛీ, ఇవాళ ఏం మాటలవి" అన్నాడు బాబాయ్.

"సరే, అదొదిలేయండి. ఇదైతే కంప్యూటర్లో చూపిస్తా. ప్రతి అధ్యాయం చివరా చిన్న పరీక్ష ఉంటుంది. 'కొత్త ప్రశ్న' అని నొక్కితే అంకెలు మార్చి కొత్త లెక్క ఇస్తుంది. క్లాసు క్లాసంతా నూటికి నూరు! వెనక బెంచీలో గురకపెట్టే వాడికీ నూరే! ఇలాంటి బ్యాచ్‌ని నా సర్వీసులో చూడలేదురా అని మామయ్య కళ్లు తుడుచుకున్నాడు. అలాంటి వాళ్లలో సగం మంది పాసవ్వరా? మీరే చెప్పండి!"

"అందరికీ నూరొచ్చిన మాట నిజమే బావా."

మరదలే, మామయ్య కూతురు. ఆమె చదివేదీ ఆ క్లాసులోనే. గేటు దాటి ఎప్పుడొచ్చిందో, అతని వెనకే నిలబడి ఉంది.

"విన్నారా! ఇంట్లోవాళ్లే ఒప్పుకున్నారు."

"నువ్వు కోసిన కోతలన్నిటిలో అదొక్కటే నిజం. నువ్వెప్పుడైనా 'కొత్త ప్రశ్న' రెండుసార్లు నొక్కి చూశావా?"

"నొక్కకుండా చేస్తానా? వెయ్యిసార్లు..."

"ఎన్నిసార్లు నొక్కినా అదే లెక్క బావా. నువ్వు సరిచూసుకోడానికని అంకెలు కదలకుండా బిగించావు, విప్పడం మర్చిపోయావు. నాకూ అదే, నా పక్కదానికీ అదే. మూడో అధ్యాయం అనగానే అందరం పద్నాలుగు అనేవాళ్లం. పద్నాలుగు ఎలా వచ్చిందో ఒక్కరికీ తెలీదు."

"మరి చెప్పలేదేం?"

"నూరు వస్తుంటే ఎవరు చెప్తారు?"

టైలర్ తల దించుకున్నాడు. బాబాయే అడిగాడు, "ఎంతమంది పాసయ్యారమ్మా?"

"ముగ్గురు. అందులో నేను లేను."

అతను గ్లాసు పట్టుకునే మరదలి వైపు తిరిగాడు. "మామయ్య... మామయ్య ఏమన్నాడు?"

"స్టాఫ్‌రూంలో తన బీరువా ఖాళీ చేస్తున్నాడు. వచ్చినవాళ్లందరితో, ప్రశ్నపత్రమే తేడాగా ఇచ్చారు, మా మేనల్లుడి పుస్తకంలో అందరికీ నూటికి నూరు వచ్చాయి అని ఇంకా చెప్తున్నాడు. వాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటున్నారు. ఆపుదామంటే నాకు నోరు రాలేదు." ఆమె అతని చేతిలో గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టింది. "మాటలు నీ దగ్గరేగా ఉన్నాయి బావా. పద."