నారింజ రెక్క

మోటారు పారాగ్లైడర్ల క్లబ్బు వాళ్లంతా కలిసిన మైదానం. వీపున మోటారు, నెత్తిన రంగు రెక్క కట్టుకుని ఎవరికి తోచినట్టు వాళ్లు ఎగురుతున్నారు. మొదటిసారి ఎగరడానికి వచ్చిన పళ్ల డాక్టరు హెల్మెట్‌లో ఒక వాకీటాకీ ఉంది. ఇంకోటి నేల మీద, ఫొటో స్టూడియో నడిపే ఆయన బావమరిది చేతిలో ఉంది.

"కళ్లు తెరువు బావా."

"తెరవను."

"ఒక్క కన్ను."

"అర కన్ను కూడా తెరవను. ఎగరడం నేర్పిన గురువుగారేరీ? వాకీటాకీ ఆయన దగ్గర కదా ఉండాలి?"

"ఎవరిదో మోటారు స్టార్టు కావడం లేదని అటు పరిగెత్తారు. మీ బావకి ధైర్యం చెబుతూ ఉండమని ఇది నా చేతిలో పెట్టారు."

"పెళ్లి ఫొటోలు తీసుకునేవాడివి, ఎగరడం గురించి నీకేం తెలుసురా?"

"ఏం తెలియాలి? ఎడమ పిడి లాగితే ఎడమకి, కుడి పిడి లాగితే కుడికి. నారింజ రంగు రెక్క నీదే కదా? ఇలా లెన్సు మార్చుకుని అలా తలెత్తాను, అప్పటికే చెట్లు దాటి లేచిపోయావు. ఎంత బాగున్నావో!"

"నిజంగా లేచానా?"

"నీకు తెలియడం లేదూ?"

"దిబ్బ మీద నుంచి పరిగెత్తాను. కాళ్ల కింద నేల పోయింది. కళ్లు మూసేశాను. తర్వాత ఒక్క కుదుపు. అప్పట్నుంచీ కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి."

"అదే ఎగరడమంటే."

"మోటారు మోత..."

"వినిపిస్తోందా?"

"చుట్టూ అంతా మోతేరా. అందులో నాదేదో ఎలా తెలుస్తుంది?"

"ఏం కాదు బావా. అయిపోతుంది, ఇంకొంచెం, అంతే."

"ఆ మాట నాకు చెప్పకు! పన్ను పీకేటప్పుడు అందరికీ నేను చెప్పే అబద్ధమే అది. ఒరేయ్, మీ అక్క చూస్తోందా?"

"లేదు, కారులోనే ఉంది. నేను చూడలేనని అద్దాలు ఎక్కించుకుని కూర్చుంది."

"దానికి భయం ఎక్కువ. స్టూలు ఎక్కితేనే కళ్లు తిరుగుతాయంటుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంట్లో బల్బు మార్చేది నేనే."

"ఇవాళ కాళ్ల మీద దిగకపోతే రేపే మిషను అమ్మేస్తానందిగా?"

"అదేరా నా ఏడుపు! పొద్దస్తమానం జనం నోళ్లలోకి తొంగి చూస్తూ బతికేవాణ్ణి. ఒక్కసారి ఆకాశం చూద్దామనిపించింది. అదీ దక్కదేమో."

"ఆకాశం చూద్దామని వచ్చి కళ్లు మూసుకుంటే ఎలా?"

"ముందు ఎగరడం అలవాటు కానీ, చూడటం తర్వాత."

"సరే, ఎడమ పిడి లాగు."

"లాగాను."

"ఆహా! ఎంత మెత్తగా తిరిగావు! ఇప్పుడు కుడి."

"లాగాను. ఊగుతున్నాను."

"అద్భుతం! ఇక్కడ అందరూ నీకేసే చూస్తున్నారు. ఇప్పుడు గడ్డం కొంచెం పైకెత్తు."

"దానివల్ల ఎటు తిరుగుతాను?"

"ఎటూ తిరగవు, ఫొటోకి. ఆఁ, భలే ఎత్తావు. నవ్వు."

"చంపుతాను. ఒరేయ్, చెవిలో ఏదో గిలిగింతలు పెడుతోంది."

"మేఘం అయ్యుంటుంది."

"మేఘం అలా గుచ్చుకుంటుందా? అబ్బా!"

"ఏమైంది?"

"చీమ కుట్టింది."

"అంత ఎత్తున చీమేంటి బావా? భయానికి ఒళ్లు చిమచిమలాడుతోంది, అంతే."

"మేక కూడా అరిచింది."

"గాలి."

"గాలి మే అంటుందా?"

"ఆ ఎత్తులో గాలి ఏమంటుందో నాకేం తెలుసు? నువ్వే చెప్పాలి. ఇదిగో, ఇక దిగు. నేల మీద సున్నంతో గీసిన వలయం ఉంది, సరిగ్గా దానికి ఎదురుగా వస్తున్నావు. ఎర్ర బటను నొక్కి మోటారు ఆపు."

"నొక్కాను. ఏ తేడా లేదు."

"ఆగింది, నాకు తెలుస్తోందిగా! రెండు పిడులూ మెల్లగా లాగు. ఇంకా. ఇంకా..."

"ఒరేయ్, భయమేస్తోందిరా. నాకేమన్నా అయితే..."

"ఇంకేం అవుతుంది, దిగిపోయావు! వలయం నడిమధ్యన! నీ కాళ్ల మీద నువ్వే! విన్నావా చప్పట్లు?"

"విన్నాను. కానీ దూరంగా ఉన్నాయేం?"

"హెల్మెట్ వల్ల. ఉండు, పరిగెత్తుకొస్తున్నాను. నీ మిషను నీకే బావా, అక్క ఇక నోరెత్తలేదు!"

"దిగితే మరి కాళ్లు ఇంకా ఎందుకు ఊగుతున్నాయి?"

"సంతోషంతో."

"నేల తగల్లేదురా."

"తగిలింది బావా, కళ్లారా చూశాను. ఇక కళ్లు తెరువు."

"తెరిచాను."

"ఏం కనిపిస్తోంది?"

"మేక."

"మైదానం మధ్యలో మేకెక్కడిది?"

"మైదానం కాదు. మేక కింద ఉంది. నేను కొమ్మకి వేలాడుతున్నాను."

"ఏ కొమ్మ?"

"దిబ్బ పక్క చెట్టు. నా రెక్కంతా దానికే చిక్కుకుంది. మోటారు ఎప్పుడు ఆగిపోయిందో ఏమో! ఒరేయ్ దరిద్రుడా, ఇంతసేపూ ఎవరిని ఎగరేశావురా?"

"నారింజ రెక్కని! నేను చెప్పినట్టే తిరిగింది బావా! ఆగాగు, హెల్మెట్ తీస్తున్నారు..."

"ఎవరైతే నాకేం, నిచ్చెన అడుగు!"

"బావా... అక్క."

"వచ్చేసిందా? నేను చెట్టుకి వేలాడుతున్నానని చెప్పకు! మిషను పోతుంది!"

"చెప్పక్కర్లేదు. నారింజ రెక్క కిందున్నది అక్కే."

"ఏవండీ, మీరు అరవకండి, నాకంతా వినిపిస్తూనే ఉంది. నా హెల్మెట్‌లోనూ వాకీటాకీ ఉంది."

"నువ్వా? నువ్వెప్పుడు నేర్చుకున్నావే?"

"మీరు రోగులతో తీరిక లేకుండా ఉన్నప్పుడల్లా. ఈ రెక్క గురువుగారిది, మీ దానిలాగే నారింజ రంగు. నాకూ ఇవాళే మొదటిసారి. పైకెళ్లాక గుండె ఆగినంత పనైంది. అప్పుడే వీడు ఎడమ అన్నాడు, తిరిగాను. కుడి అన్నాడు, తిరిగాను."

"గడ్డం కూడా ఎత్తావా అక్కా?"

"ఫొటో బాగా రావద్దూ?"

"అయితే... మిషను అమ్మేస్తావా?"

"ఎందుకమ్ముతానండీ? మనింట్లో ఒకరం కాళ్ల మీద దిగాం కదా, చాలు. పైనుంచి ఆకాశం ఎంత బాగుందో! ఈసారి ఇద్దరం వెళ్దాం, మీరు కళ్లు తెరుస్తానంటేనే. ఒరేయ్ తమ్ముడూ, కారు డిక్కీలో మడత నిచ్చెన ఉంది, పట్టుకురా. ఎందుకైనా మంచిదని పొద్దున్నే పెట్టాను. నేనెక్కి దింపుతాను ఈయన్ని."

"నువ్వు నిచ్చెన ఎక్కుతావా? స్టూలు ఎక్కితేనే కళ్లు తిరుగుతాయనేదానివి కదే!"

"చేతిలో బల్బు ఉంటేనే తిరుగుతాయండీ."